కెన్యాకు సువార్త సేవకు వెళ్తున్నారా? జాగ్రత్తలు

నల్లగొండ నుంచి బయల్దేరే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు:

• ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందే. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో వేస్తారు. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచండి, పెట్టెలో కాదు. అది లేకుండా తిరిగొస్తే ఇక్కడ దిగాక 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

• టూరిస్టు అనుమతి మీద పరిచర్య చేయొద్దు.

• దోమతెర మొదటి రాత్రే కట్టండి. నేను రేపు కడదాంలే అనుకున్నా. తెల్లారేసరికి మోచేతుల నిండా దద్దుర్లు. జ్వరమొస్తే ప్రార్థన చేయండి, మలేరియా రక్తపరీక్ష కూడా అదే రోజు చేయించండి.

• అక్కడి ఉగాలి మన మక్క గట్కను గట్టిగా వండినట్టుంటుంది. అమ్మ కట్టిచ్చిన పచ్చడి మొదటి వారమే ఊడ్చేయకండి.

• అక్కడ రాత్రి 9 అయితే ఇంటి దగ్గర పదకొండున్నర. అప్పుడు ఫోన్ మోగితే అమ్మకు టెన్షన్.

• మొదటి ఆదివారమే వాక్యం చెప్పమన్నా ఆగండి. ముందు ‘అసాంతే’ అనడం నేర్చుకోండి, అక్కడి స్వాహిలీ భాషలో థ్యాంక్స్ అని.