నిమ్మతోట గుంటకకు కమాను పట్టీ వేస్తున్నారా?

గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటల్లో మినీ ట్రాక్టరుకు గుంటక (కలుపు కోసే పనిముట్టు) చేయించేవాళ్లకు ఒక మాట. పాసకు, అంటే నేలలో నడిచి కలుపు కోసే అడ్డ బద్దకు, పాత లారీ కమాను పట్టీ (స్ప్రింగు పట్టీ) చాలా మంచిది. కానీ దాన్ని నేరుగా గుంటక కాళ్లకు (పాసను పట్టుకునే నిలువు కడ్డీలకు) వెల్డింగ్ చేయనివ్వకండి. కార్బన్ ఎక్కువున్న ఉక్కు అది. అతుకు పక్కనే పెళుసుబారి, రాయి తగలగానే పుటుక్కున విరుగుతుంది. విరిగినదాన్ని చూడండి, వెల్డు చెక్కుచెదరదు, దాని అంచు వెంబడే గీత గీసినట్టు పగులు ఉంటుంది.

కాళ్లకు 10 మి.మీ. మామూలు ఇనుప ప్లేటు వెల్డ్ చేయించి, పట్టీని 12 మి.మీ. బోల్టులతో బిగించండి, కాలికి రెండు. పట్టీకి బెజ్జం పడకపోతే ఆ చోటు ఎర్రగా కాల్చి, పొడి బూడిదలో రాత్రంతా కప్పెట్టాలి. నీళ్లు మాత్రం పోయొద్దు, ఇంకా గట్టిపడుతుంది. మర్నాడు డ్రిల్లు సులువుగా దిగుతుంది. బోల్టు తల కిందికి, నట్టు పైకి పెట్టండి. తిరగేస్తే మరలు మట్టికి అరిగి, పాస మార్చే రోజు నట్టు ఊడిరాదు.

పాస పొడవు వెనక టైర్ల కంటే రెండు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువుంటే చక్రాల జాడలో కలుపు మిగలదు. పాస మరీ లోతుకు దిగుతుంటే టాప్ లింకు (ట్రాక్టరుకు, గుంటకకు మధ్య పైనుండే కడ్డీ) కాస్త పొడిగించండి. నిమ్మకు పీచువేర్లు పైపైనే ఉంటాయి, పాసను రెండంగుళాల లోతు దాటనివ్వొద్దు.