రిపోలో పెట్టుకున్న హార్ఫ్‌బజ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే పద్ధతి

మా సబ్‌టైటిల్ ప్రోగ్రామ్ తెలుగు అక్షరాలను వీడియో మీద గీయడానికి హార్ఫ్‌బజ్ వాడుతుంది. ఒత్తు ఎక్కడ పడాలో, గుణింతం ఎలా కలవాలో ఫాంట్‌లోని నియమాలు చదివి తేల్చేది ఆ లైబ్రరీయే. విండోస్‌లో బిల్డ్ చేసేవాళ్లు (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకునేవాళ్లు) ఇబ్బంది పడకూడదని దాని సోర్స్‌ను మా రిపోలోనే, అంటే మా కోడ్ అంతా ఉండే చోటే, థర్డ్‌పార్టీ ఫోల్డర్‌లో పెట్టుకున్నాం. అలా పెట్టుకున్నాక దాన్ని తాజాగా ఉంచే బాధ్యత కూడా మనదే. 2023 సెప్టెంబర్‌లో వెబ్‌పీ బొమ్మలను చదివే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో పెద్ద భద్రతా లోపం బయటపడి, 1.3.2లో సరిచేశారు. లినక్స్‌లో సిస్టమ్ కాపీ ఒక్క అప్‌డేట్‌తో మారిపోయింది. సొంత కాపీ పెట్టుకున్న ప్రోగ్రాములు మాత్రం వేటికవి కొత్త విడుదల ఇవ్వాల్సి వచ్చింది.

మొదటిసారి నేను పాత ఫోల్డర్ తీసేసి కొత్తది కాపీ చేశాను. నా ల్యాప్‌టాప్‌లో బిల్డ్ అయింది, టెస్టులు పాసయ్యాయి. మూడు వారాల తర్వాత విండోస్‌లో బిల్డ్ కావట్లేదని ఒకరు రాశారు. చూస్తే, రెండేళ్ల కిందట మాలోనే ఒకరు ఆ ఫోల్డర్‌లో ఒక లైన్ మార్చి ఉన్నారు. నేను దాన్ని తుడిచేశాను. అది కనిపెట్టడానికి రెండు రాత్రులు పట్టింది, ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది.

అందుకే కొత్తది దించుకోకముందే పాతదాని సంగతి చూడండి. వెర్షన్ హెడర్ ఫైల్‌లో మీ దగ్గరున్న నంబర్ ఏదో ఉంటుంది. అప్‌స్ట్రీమ్ (హార్ఫ్‌బజ్ అసలు రిపో) నుంచి సరిగ్గా అదే ట్యాగ్ (ఆ వెర్షన్‌కు పెట్టిన గుర్తు) తెచ్చి, మీ ఫోల్డర్‌తో డిఫ్ తీయండి, అంటే లైన్ లైన్‌గా తేడాలు చూడండి. తేడా కనిపించిన ప్రతి చోటును ఒక ప్యాచ్ ఫైల్‌గా (ఆ మార్పును మళ్లీ వేసుకోవడానికి వీలయ్యే ఫైల్‌గా) దాచి, ఎందుకు మార్చారో పైన రెండు మాటలు రాయండి. కొత్త వెర్షన్‌లో అదే మార్పు ఇప్పటికే చేరిపోయి ఉంటే ఆ ప్యాచ్ వదిలేయవచ్చు.

కొత్త సోర్స్‌ను గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) ట్యాగ్ నుంచే తీసుకోండి. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే టూల్) వ్యవహారంలో, 5.6.0, 5.6.1 వెర్షన్లలోని దొంగ కోడ్‌ను నడిపించే ముక్క విడుదల టార్‌బాల్‌లో (సోర్స్ అంతా ఒకటిగా కట్టిన ఫైల్‌లో) ఉంది, గిట్‌లో లేదు. తర్వాత రెండు కమిట్‌లు (గిట్‌లో మార్పుల నమోదులు) చేయండి: మొదటిది అప్‌స్ట్రీమ్ సోర్స్ ఉన్నదున్నట్టు, రెండోది మన ప్యాచ్‌లు. రెండూ కలిపేస్తే రివ్యూ చేసేవాళ్లు వేల లైన్ల మధ్య మన నాలుగు లైన్లు వెతుక్కోవాలి. లైసెన్స్ ఫైల్‌ను మరవొద్దు.

నేను ఎక్కువ సేపు కూర్చునేది పరీక్ష దగ్గరే. హార్ఫ్‌బజ్ పూర్తి సోర్స్‌తో ఒక మాటకు ఫాంట్‌లోని ఏ ఆకారాలు ఎక్కడ పడతాయో రాసి చూపే హెచ్‌బీ-షేప్ అనే చిన్న టూల్ వస్తుంది. పాత ట్యాగ్‌తో ఒకటి, కొత్తదానితో ఒకటి బిల్డ్ చేసి, ఒకే ఫాంట్‌తో ఒకే మాటల జాబితా రెండింటికీ ఇస్తాను. నా జాబితాలో స్త్రీ, జ్యోత్స్న, రాష్ట్రం, లక్ష్మి తప్పకుండా ఉంటాయి. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) ఉన్న సాఫ్ట్‌వేర్ లాంటి మాటలు కూడా పెట్టండి, ఇంగ్లిష్ మాటలు రాసేటప్పుడు మనం దాన్ని తెగ వాడతాం. నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌తో ఒకసారి, మండలి ఫాంట్‌తో ఒకసారి నడిపి ఫలితాలను డిఫ్ చేస్తాను. తేడా వచ్చినంత మాత్రాన తప్పని కాదు, కొన్నిసార్లు కొత్తదే సరి. హార్ఫ్‌బజ్‌దే మరో టూల్ హెచ్‌బీ-వ్యూతో బొమ్మ గీయించి కంటితో చూశాకే నిర్ణయిస్తాను. తెలుగు చదవని సహచరులు ఈ ఒక్క పని చేయలేరు, కాబట్టి ఇది మనమే చేయాలి.

ఆఖరున, నడుస్తున్న ప్రోగ్రామ్‌లో హార్ఫ్‌బజ్ వెర్షన్‌ను ప్రింట్ చేయించండి. బిల్డ్ స్క్రిప్ట్ ఒక్కోసారి మన కాపీని వదిలేసి సిస్టమ్‌లో ఉన్నదాన్ని పట్టుకుంటుంది, మనమేమో కొత్తదే పరీక్షించామనుకుంటాం. అలాగని సిస్టమ్ లైబ్రరీ వాడే ఆప్షన్‌ను తీసేయకండి. డెబియన్ (ఒక రకం లినక్స్) కోసం ప్యాకేజీ చేసేవాళ్లకు కావలసింది అదే.