సీప్యాప్ గొట్టంలో నీళ్లు చేరుతుంటే నేను చేసింది

సీప్యాప్ (నిద్రలో ఊపిరి ఆగిపోకుండా మాస్క్ ద్వారా గాలి పంపే మెషిన్) కొత్తలో మాస్క్ కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది గొట్టంలో చేరే నీళ్లు. విశాఖ ఉక్కపోతకి మాకు రాత్రంతా ఏసీ ఉండాల్సిందే. మెషిన్‌లో గాలికి తేమ కలిపే హ్యూమిడిఫైయర్ నుంచి వచ్చే తడిగాలి చల్లటి గొట్టంలో నీరుగా మారి, గుడగుడమంటూ ముక్కు మీద చుక్కలు పడేవి. నిద్ర ఎలా పడుతుంది!

ఏసీని 26కి పెంచాను, హ్యూమిడిటీ కాస్త తగ్గించాను. మరీ తగ్గిస్తే ముక్కు ఎండిపోతుంది, చూసుకోండి. మెషిన్‌ని మంచం కంటే తక్కువ ఎత్తున్న స్టూలు మీదికి మార్చాను, నీరు ముఖం వైపు రాకుండా. అన్నిటికంటే బాగా పనిచేసింది గొట్టాన్ని దుప్పటి కింద నుంచి తీసుకురావడం.

మాస్క్ పట్టీలు పడుకున్నాక, గాలి వస్తుండగానే సరిచేసుకోండి. కూర్చుని బిగిస్తే పక్కకి తిరగ్గానే లీక్ అవుతుంది. ప్రెషర్ మాత్రం డాక్టర్‌ని అడక్కుండా మార్చొద్దు.