కంప్యూటర్ ఆన్ కాగానే గడియారం సరైన సమయం చూపాలంటే ఏం చేయాలి?

మా ఇంట్లోని పాత డెస్క్‌టాప్ కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ 2015 జనవరి 1వ తేదీకి వెళ్లిపోయేది. ఆ స్థితిలో బ్యాంకు వెబ్‌సైటు తెరవబోతే, కనెక్షన్ సురక్షితం కాదంటూ బ్రౌజర్ అడ్డుపడేది. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతాయి కనుక, 2015లోనే ఉన్నాననుకునే కంప్యూటర్ లెక్క ప్రకారం నేటి సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు. ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకునే సౌకర్యం విండోస్‌లో ఉన్నప్పటికీ, కింది వరుసలో చేస్తేనే అది నిలకడగా పనిచేస్తుంది.

1. ముందు ఫోన్ పక్కన పెట్టుకుని తేడా ఎంతో చూడండి. నిమిషాల తేడా అయితే నేరుగా నాలుగో దశకు వెళ్లవచ్చు. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ల్యాప్‌టాప్‌లా గంటల తేడా చూపిస్తే, సెట్టింగ్స్‌లో టైమ్ జోన్‌ను చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ ఉన్న వరుసకు మార్చండి. సరిగ్గా అయిదున్నర గంటల తేడా ఉండి, అదే కంప్యూటర్‌లో విండోస్‌తో పాటు లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఉంటే తప్పు వేరే చోట ఉంది: మదర్‌బోర్డు (కంప్యూటర్‌లోని ప్రధాన బోర్డు) గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది, లినక్స్ సాధారణంగా యూటీసీగా, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంగా చదువుతుంది. రెండింటిలో ఒకదాన్ని మార్చాల్సిందే.

2. తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే కరెంటు లేనప్పుడు మదర్‌బోర్డు గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయినట్టే. డెస్క్‌టాప్‌లలో ఇది ఎక్కువగా సీఆర్2032 రకం, రూపాయి నాణెం లాంటి 3 వోల్టుల బిళ్ల. ప్లగ్ తీసేసి, క్యాబినెట్ తెరిచి, పక్కనున్న చిన్న క్లిప్పును వేలితో నొక్కితే అది పైకి లేస్తుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే సౌకర్యం) ఆన్‌లో ఉంటే, ఆ తాళం తీసే రికవరీ కీని ముందే రాసి పెట్టుకోండి. ల్యాప్‌టాప్ అయితే మెకానిక్‌కు ఇవ్వడమే మేలు.

3. బయాస్‌లోకి, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి తేదీని, సమయాన్ని చేత్తో సరిచేయండి. ఈ దశను చాలామంది వదిలేస్తారు. సొంత కంప్యూటర్లలో తేడా 54,000 సెకన్లు, అంటే 15 గంటలు దాటితే విండోస్ టైమ్ సర్వీస్ మామూలుగా దిద్దుబాటుకు ఒప్పుకోదు.

4. సెట్టింగ్స్‌లోని డేట్ అండ్ టైమ్ పేజీలో ‘సెట్ టైమ్ ఆటోమేటిక్‌లీ’ని ఆన్ చేసి, ‘సింక్ నౌ’ నొక్కండి. తర్వాత స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని వెతికి, విండోస్ టైమ్ మీద రెండుసార్లు నొక్కి, స్టార్టప్ టైప్‌ను ఆటోమేటిక్‌గా మార్చండి. ఇళ్లలో వాడే కంప్యూటర్లలో ఇది సాధారణంగా మాన్యువల్‌గానే ఉంటుంది.

5. సర్వీస్ మొదలయ్యే వేళకు వైఫై ఇంకా అందకపోవచ్చు కనుక, లాగిన్ అయ్యాక సమయాన్ని మళ్లీ సింక్ చేసేలా టాస్క్ షెడ్యూలర్‌లో (చెప్పిన వేళకు పనులను దానంతటదే నడిపే విండోస్ సాధనంలో) ఒక కొత్త టాస్క్ సృష్టించి, ‘హయ్యెస్ట్ ప్రివిలేజెస్’ పెట్టెకు టిక్ పెట్టండి. టాస్క్ ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే ట్రిగ్గర్‌గా ‘ఎట్ లాగాన్’ ఎంచుకుని, ఒక నిమిషం ఆలస్యం పెట్టండి. ‘ఎట్ స్టార్టప్’ వద్దనడానికి కారణం ఉంది: ఫాస్ట్ స్టార్టప్ ఉన్న కంప్యూటర్ షట్‌డౌన్‌లో పూర్తిగా ఆగదు, అందువల్ల మళ్లీ ఆన్ చేసినప్పుడు ఆ ట్రిగ్గర్ కదలకపోవచ్చు. ప్రోగ్రామ్ పేరు దగ్గర డబ్ల్యూ, 3, 2, టీ, ఎం అనే అక్షరాలను ఖాళీ లేకుండా ఇంగ్లీషులో టైప్ చేసి, ఆర్గ్యుమెంట్స్ దగ్గర ముందుకు వాలిన గీత, దానికి ఆనుకుని ఇంగ్లీషులోనే ‘రీసింక్’ (resync) అని ఇవ్వండి. ల్యాప్‌టాప్ అయితే కండిషన్స్‌లో, ఛార్జర్ తగిలించి ఉంటేనే నడవాలన్న టిక్‌ను తీసేయడం మరవకండి.

6. కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్ తీసి, రాత్రంతా అలాగే ఉంచండి. ఉదయం ముందుగా బయాస్‌లో చూడండి, అక్కడ సమయం సరిగ్గా ఉంటే బ్యాటరీ బాగున్నట్టు. తర్వాత విండోస్‌లోకి వెళ్లి, రెండు నిమిషాలు ఆగి డేట్ అండ్ టైమ్ పేజీ తెరిస్తే, చివరిసారి సింక్ అయిన సమయం మీరు లాగిన్ అయిన తర్వాతదై ఉండాలి.