నెట్ ఆగిందా? రీస్టార్ట్ చేసే ముందు లైట్లు చూడండి

నెట్ రాకపోతే చాలామంది ముందు రౌటర్ స్విచ్ ఆపి వేస్తారు. ఒక్కోసారి నెట్ వచ్చేస్తుంది కూడా. అయితే ఎందుకు ఆగిందో తెలియదు కాబట్టి రేపు మళ్లీ అదే తంతు. స్విచ్ ముట్టుకునే ముందు రౌటర్ బాక్స్ మీది లైట్లను ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. రీస్టార్ట్ చేస్తే ఆ ఆనవాళ్లు చెరిగిపోతాయి.

తరువాత, నెట్ ఇంట్లో ఎవరికీ రావడం లేదా, ఒక్కరికేనా చూడండి. ఫోన్‌లో చూసేటప్పుడు మొబైల్ డేటా తప్పకుండా ఆపండి. లేదంటే ఫోన్ చడీచప్పుడు లేకుండా డేటాకు మారిపోతుంది, వైఫై బాగానే ఉందనుకుంటారు. ఒక్క ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే రాకపోతే సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ చూడండి. సైటు పేరును అంకెల అడ్రస్‌గా మార్చే సేవే డీఎన్‌ఎస్. ఎప్పుడో ప్రకటనలు ఆపడానికి అక్కడ పెట్టిన సర్వర్ పేరు ఇప్పుడు పనిచేయకపోతే ఆ ఫోన్‌కు ఒక్క సైటూ తెరుచుకోదు.

ఎవరికీ రాకపోతే బాక్స్ దగ్గరికి వెళ్లండి. ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నది ఫైబరే కాబట్టి దాని సంగతే చెబుతున్నాం. ఎల్‌ఓఎస్ (LOS) అని రాసిన లైట్ ఎర్రగా వెలుగుతుంటే కాంతి బాక్స్ దాకా రావడం లేదు. ఫైబర్ వైరు బీరువా వెనక నలిగిందా, తలుపు సందులో మడత పడిందా చూడండి. గాజు పోగు కాబట్టి గట్టిగా వంచితే కాంతి బయటికి కారిపోతుంది. బయటికి కనిపించేంత వరకు ఎక్కడా నలగకపోతే తప్పు చాలావరకు వీధిలోనే ఉంటుంది, కంప్లైంట్ ఇవ్వాలి. వైరు ఊడదీసి కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు. అందులో వచ్చే లేజర్ కంటికి కనిపించదు, హాని మాత్రం చేయగలదు.

ఫైబర్ లైను కలిసిందని చెప్పే పీఓఎన్ (PON) లైట్ నిలకడగా పచ్చగా ఉండి ఇంటర్నెట్ లైట్ వెలగకపోతే లైను బాగుంది, లాగిన్ కావడం లేదు. చాలాసార్లు ప్లాన్ గడువు అయిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక బాక్స్ తనంతట తానే ఆగి మొదలవుతుంటే అడాప్టర్‌ను అనుమానించండి. కొత్తది కొంటే వోల్టులు పాతదానికి సరిగ్గా సమానంగా, ఆంపియర్లు సమానంగా లేదా ఎక్కువగా ఉండాలి. బాక్స్ వెనక సూదితో నొక్కే రీసెట్ బొత్తాన్ని మాత్రం ముట్టుకోకండి. అది రీస్టార్ట్ కాదు, కంపెనీ పెట్టిన లాగిన్ వివరాలన్నీ తుడిచేయగలదు.

లైట్లన్నీ సరిగ్గా ఉన్నా నెట్ రాకపోతే లాప్‌టాప్ తీయండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. మీ అడ్రస్ (IPv4 Address అనే వరుసలోని అంకెలు) 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ అందలేదు. ఈమధ్యే రెండో రౌటర్ పెట్టి ఉంటే దాన్ని తీసి చూడండి. రెండూ అడ్రస్‌లు పంచుతున్నా, రెండింటికీ 192.168.1.1 ఉన్నా గొడవే. రెండూ ఉంచాలంటే రెండోదాని అడ్రస్ 192.168.1.2గా మార్చి, అదే అడ్రస్‌ను మొదటిది మరో పరికరానికి ఇస్తే ఢీకొంటుంది కాబట్టి మొదటిదాని పంపిణీ పరిధిని 192.168.1.10 నుంచి మొదలుపెట్టండి. రెండోదానిలో డీహెచ్‌సీపీ, అంటే అడ్రస్‌లు పంచే పని ఆపి, మొదటిదాని నుంచి వచ్చే కేబుల్‌ను దాని లాన్ పోర్టులో గుచ్చండి.

అడ్రస్ సరిగ్గా ఉంటే మూడు పింగ్‌లు, ఇదే వరుసలో. పింగ్ అంటే అవతలి అడ్రస్ జవాబిస్తుందా, ఎంతసేపట్లో అని చూడటం; అదే కమాండ్ ప్రాంప్ట్‌లో ping అని కొట్టి, ఖాళీ వదిలి అడ్రస్ ఇవ్వాలి:

1. డిఫాల్ట్ గేట్‌వేకి, అంటే మీ రౌటర్‌కి, సాధారణంగా 192.168.1.1కి. ఇక్కడే జవాబు రాకపోయినా, వందల మిల్లీసెకన్లు పడుతున్నా తప్పు మీ వైఫైది లేదా కేబుల్‌ది.
2. 8.8.8.8కి, అంటే బయట ఉన్న గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్‌కి. మొదటిది బాగుండి ఇది ఆగితే బాక్స్ అవతల, కంపెనీ వైపు.
3. ఏదైనా సైటు పేరుకి. అంకెలు పలికి పేరు పలకకపోతే డీఎన్‌ఎస్ తప్పు. రౌటర్‌లో డీఎన్‌ఎస్‌ను 1.1.1.1 లేదా 8.8.8.8కి మార్చండి.

ఒకసారికి ఒక్కటే మార్చండి, ఫలితం చూశాకే రెండోది. మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

నెట్ వస్తోంది కానీ నెమ్మది అంటే ముందు కేబుల్‌తో కొలవండి. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఎప్పుడు చూసినా 90-95 దగ్గరే ఆగితే ఆ అంకే తప్పును చెబుతోంది: రౌటర్‌కు, లాప్‌టాప్‌కు మధ్య లింకు 100 ఎంబీపీఎస్ దగ్గర కుదిరింది. గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు కేబుల్‌లోని 8 తీగలూ కలవాలి, 100కు 4 చాలు. ఒక్క తీగ క్లిప్‌లో సరిగా దిగకపోయినా వేగం కిందికి పడిపోతుంది. క్యాట్ 5ఈ అని రాసిన మరో కేబుల్ పెట్టి చూడండి. పోర్టే 100ది అయితే కేబుల్ మార్చినా లాభం లేదు.

కేబుల్‌లో బాగుండి వైఫైలోనే నెమ్మది అయితే రౌటర్ పక్కనే నిలబడి 5 గిగాహెర్ట్జ్‌లో కొలవండి. అక్కడ బాగుంటే దూరం, గోడల సమస్య. రౌటర్‌ను టీవీ వెనకనుంచి, ఇనుప బీరువా పక్కనుంచి తీసి ఎత్తులో పెట్టండి. అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్‌కు 1, 6, 11 ఛానెళ్లలో ఖాళీగా ఉన్నది ఎంచుకుని, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి.

నెట్ బాగున్న రోజునే మరో పని చేసి ఉంచండి. బ్రౌజర్‌లో గేట్‌వే అడ్రస్ కొడితే వచ్చే బాక్స్ పేజీలో ఆప్టికల్ వివరాల కింద ఆర్ఎక్స్ పవర్ (Rx power) అని ఉంటుంది, అది బాక్స్‌కు అందుతున్న కాంతి బలం. మైనస్ 20 డీబీఎం (ఆ బలాన్ని కొలిచే ప్రమాణం) ప్రాంతంలో ఉంటే బాగున్నట్టు, మైనస్ 27 దాటి కిందికి పోతే తెగుతూ ఉంటుంది. ఆ అంకెను తేదీతో రాసి బాక్స్ మీద అంటించండి. 3 తగ్గిందంటే కాంతి సగం పోయినట్టు. కంప్లైంట్ ఇచ్చేటప్పుడు పాత అంకె, ఇప్పటి అంకె, లైట్ల ఫొటో మూడూ చూపించండి.