అద్దం వెనక పూసల పనిని ఫోటో తీయాలంటే

న్యూయార్క్ రాష్ట్రపు మ్యూజియాల్లో శరత్కాలంలో హోడెనోషోనీ (ఇరోక్వా) అనే అమెరికా ఆదివాసీ జాతుల పూసల పని చూడబోతే ఒకటే చిరాకు: ఫోటోలో పూసల బదులు మన మొహమే పడుతుంది. నల్ల చేతిరుమాలుకు కెమెరా లెన్స్ పట్టేంత కన్నం చేసి, ఫోన్ ముందు తెరలా పట్టుకోండి. ఫ్లాష్ ఆపేసి, అద్దానికి రెండంగుళాల దూరంలో పక్కనుంచి తీయండి. తాకితే కొన్నిచోట్ల అలారం మోగుతుంది. ఈ పనిలో ఉన్న చోటుకన్నా ఎక్కువ పూసలు గుచ్చి కుడతారు, అందుకే వరస విల్లులా పైకి లేస్తుంది. ఎదురుగా తీస్తే ఆ ఎత్తంతా మాయం.

వంపు తిరిగిన అద్దాల దగ్గర ఇది పనిచేయదు. వాంపమ్ పట్టీలు (గుల్లల పూసలతో అల్లినవి, వాళ్లకు పవిత్రమైనవి) కనిపిస్తే మాత్రం ముందు అడగండి, వద్దంటే వద్దు.