కథలో ప్రోనోటు సీన్ రాస్తున్నారా? కాగితం వెనక్కి తిప్పండి

అప్పు పత్రం సీన్ అనగానే మనవాళ్లు నేరుగా వేలిముద్ర దగ్గరికి వెళ్లిపోతారు. షావుకారు మీసం, ముసలాయన వణికే వేలు, పక్కన ఏడ్చే కూతురు. చదివి చదివి విసుగొచ్చింది.

ముందు స్టేషనరీ షాపులో అచ్చు ప్రోనోటు ఒకటి కొని పైకి చదవండి. "మీరు కోరినప్పుడు మీకు గాని, మీ ఆర్డరు పొందిన వారికి గాని" అనే ధోరణిలో ఉంటుంది. మీ డైలాగు కన్నా అదే ఎక్కువ భయపెడుతుంది, ఎందుకంటే రేపు వసూలుకి వచ్చేది అప్పిచ్చిన మనిషే కానక్కర్లేదు, అతను నోటు రాసిచ్చేసిన ఇంకెవడైనా కావచ్చు. వడ్డీ 24 శాతం అని రాయకండి, ఊళ్లో ఎవరూ అలా అనరు. రెండు రూపాయల వడ్డీ, అంతే.

సాక్షులు లేరు కాబట్టి నోటు చెల్లదని హీరో కోర్టులో గెలిచేస్తుంటే ఆ క్లైమాక్స్ కొట్టెయ్యండి. ప్రోనోటుకి సాక్షి తప్పనిసరి కాదు. రెవెన్యూ స్టాంపు లేకపోతే మాత్రం, తర్వాత జరిమానా కడతామన్నా కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. షేక్‌స్పియర్ వెనిస్ నాటకంలో 3000 డకట్ల అప్పుకి పౌను మాంసం తాకట్టు, రక్తం చుక్క రాలకుండా కోసుకోమనే మెలిక, స్టేజీ మీద అద్భుతమే. మన 1872 కాంట్రాక్టు చట్టంలో అయితే అది, మనిషి ఒంటికి హాని చేసే ఒప్పందం చెల్లదనే 23వ సెక్షన్ దగ్గరే కొట్టుకుపోతుంది, కత్తి నూరేదాకా రాదు. ఆ మెలికలు ఆయనకే వదిలేయండి.

అసలు కథ నోటు వెనకవైపు ఉంది. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటు మీద దావా వెయ్యడానికి, రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. ఈ ముక్క ముందే ఎక్కడో, పనికిరాని కబురులా పాఠకుడి చెవిన వేసి ఉంచండి. ఇప్పుడు మూడో ఏడు ఆఖరి వారం. ఇన్నాళ్లూ గుమ్మంలో నిలబడి అరిచినవాడు ఆ రోజు మెత్తగా వచ్చి, అరుగు మీద కూర్చుని, మజ్జిగ అడిగి తాగుతాడు. "అంతా ఇప్పుడే ఇమ్మన్నానా బావా, ఓ వంద చెల్లు వేసి సంతకం పెట్టు, చాలు." నోటు తిప్పి, వెనకవైపు ఆ రోజు తేదీ వేసి, పెన్ను మూత తీసి మరీ అందిస్తాడు. బతికిపోయాననుకుని బావ సంతకం పెడతాడు. ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు.

ఇక్కడ మీరేమీ వివరించకండి. ఆ వంద పాలవాడికని పెళ్లాం డబ్బాలో దాచిందని ఒక్క వాక్యం రాయండి, ఏడ్చే కూతురితో పనిలేదు.